సమ్మతి పత్రం మీద ఎవరి సంతకం?

సాహిత్య విద్యార్థికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఎందుకు? ఈ ప్రశ్న ఈమధ్య మా శాఖల్లో తరచుగా వినబడుతోంది. మనుషులతో మాట్లాడి చేసే ఏ పనికైనా, అది ఎమ్మే విద్యార్థి చేసే చిన్న ప్రాజెక్టయినా సరే, ముందు అనుమతి తెచ్చుకోమని కొన్ని విశ్వవిద్యాలయాలు అడుగుతున్నాయి. సూదులు పొడిచే వాళ్ళకి పెట్టిన నియమం కథలు వినేవాళ్ళకెందుకని విసుక్కునేవాళ్ళే ఎక్కువ. ఆ విసుగులో కొంత న్యాయం ఉంది. కానీ ఆ కాగితం మన చేతికి ఏ దారిన వచ్చిందో తెలుసుకుంటే, విసుగు కంటే పనికొచ్చే ప్రశ్నలు పుడతాయి.

పాఠ్యపుస్తకాల్లో ఆ దారి ఇలా ఉంటుంది: నాజీ వైద్యుల విచారణ తర్వాత 1947లో న్యూరెంబర్గ్ నియమావళి, 1964లో హెల్సింకి ప్రకటన. మన దేశంలో భారత వైద్య పరిశోధనా మండలి 1980లో ఒక విధాన ప్రకటన, ఆ తర్వాత 2000, 2006, 2017లలో మార్గదర్శకాలు వెలువరించింది. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురుండాలి, వాళ్ళలో కనీసం ఒక స్త్రీ ఉండాలి. ఏడుగురిలో ఒకరు! ఈ వరసలో తెలుగు స్త్రీలు ఎక్కడా కనిపించరు. కానీ సమ్మతి అనే మాటకి మన నేలమీద అర్థం చెప్పింది వాళ్ళే.

1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి ఆడవాళ్ళని సమీకరించారు. స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్ళి మాట్లాడితే తేలిందేమిటంటే, అది ప్రయోగమన్న సంగతే వచ్చినవాళ్ళకి తెలియదు. దుష్ఫలితాల గురించి విన్నాక చాలామంది సూది వేయించుకోకుండానే వెళ్ళిపోయారు. 1986లో ఆ సంస్థ, సహేలీ వంటి ఇతర స్త్రీ సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది. సమ్మతి అంటే ఏమిటో పటాన్‌చెరు ఆడవాళ్ళు చేసి చూపించారు: సంగతి తెలిశాక లేచి వెళ్ళిపోగలగడం.

అదే 1986లో అదే సంస్థ ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జీవిత కథనాలు అవి. ఈ రెండు పనుల్నీ మనం విడివిడిగా గుర్తుపెట్టుకుంటాం, ఒకటి ఆరోగ్య ఉద్యమం, రెండోది సాహిత్యమూ చరిత్రా అని. నాకు మాత్రం అవి రెండూ ఒకటే పని. ఎదుటి మనిషిని శరీరంగానో, సమాచారంగానో కాకుండా చెప్పే మనిషిగా చూడటం. ఆ పుస్తకంలో మల్లు స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ తమ పేర్లతోనే మాట్లాడతారు. పేర్లు దాచి ఉంటే ఏమయ్యేది? పోరాట చరిత్ర ఒకసారి చెరిపేసిన వాళ్ళని పరిశోధన రెండోసారి చెరిపేసేది.

ఇరవై మూడేళ్ళ తర్వాత సంతకం మళ్ళీ ముందుకొచ్చింది. 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పద్నాలుగు వేల మంది దాకా ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు, వాళ్ళలో చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు. సమ అనే స్త్రీల ఆరోగ్య సంస్థ 2010 మార్చిలో అక్కడికి వెళ్ళి విచారించింది. ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. పిల్లల మరణాలకి టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది. గర్భాశయ ముఖ కాన్సరుని ఆ టీకా అడ్డుకుంటుందన్నదీ నిజమే. అయినా ప్రశ్న మిగిలింది. ఆ సంఘం ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. తల్లిదండ్రులు బతికుండగా వాళ్ళ బదులు వార్డెన్ ఎలా ఒప్పుకుంటారు? 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా ఈ తీరుని తీవ్రంగా తప్పుపట్టింది. పత్రం ఉంది, సంతకం ఉంది, సమ్మతి మాత్రం లేదు.

ఇప్పుడు అన్నవరం సంగతి. ఆ ఊరి నుంచి వచ్చిన నా విద్యార్థిని ఒక మంచి విషయం ఎంచుకుంది. రత్నగిరి కింద పూలు కట్టే, కొబ్బరికాయలు అమ్మే, గదులు ఊడ్చే ఆడవాళ్ళు సత్యనారాయణ వ్రతకథని ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నారు కదా, దాన్ని తమ మాటల్లో ఎలా చెప్తారన్నది. భర్త వచ్చాడన్న ఆత్రంలో ప్రసాదం తీసుకోకుండా పరిగెత్తిన కళావతి గురించి వాళ్ళేమంటారు?

మా కమిటీ దరఖాస్తుని రెండు షరతులతో తిప్పి పంపింది. మాట్లాడకముందే సంతకం తీసుకోవాలి, ఎవరి పేరూ రాయకూడదు. కొండ కింద ఈ రెండూ తలకిందులయ్యాయి. కాగితం చూడగానే ఒకామె, “సంతకం దేనికమ్మా? మళ్ళీ ఏదన్నా అప్పా?” అంది. సంతకమంటే ఆమెకి తెలిసింది గ్రూపు అప్పు, వాయిదా, జామీను. ఇంకొక పెద్దావిడ కథంతా చెప్పి, “నా పేరు మారుస్తావా? ఎందుకూ, నేనేం తప్పు చెప్పాను?” అని నిలదీసింది. మూడో ఆమె కళావతి పక్షాన గట్టిగా మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించి, “ఇది నేనన్నట్టు తెలిస్తే నా చోటు పోతుంది” అంది.

ఈ ముగ్గురికీ ఒకే నియమం ఎలా సరిపోతుంది? పేరు రాస్తే మూడో ఆమె బతుకుతెరువు పోవచ్చు, రాయకపోతే రెండో ఆమె చెప్పిన కథ ఎవరిదీ కాకుండా పోతుంది. ఆ అమ్మాయి దరఖాస్తుని తిరగరాసింది. మౌఖిక సమ్మతి రికార్డు చేయడం, రాసింది మళ్ళీ వెళ్ళి చదివి వినిపించడం, పేరు ఉండాలా వద్దా అన్నది విన్న తర్వాత వాళ్ళనే తేల్చుకోమనడం, వద్దంటే చెప్పిందంతా తీసేయడం. కమిటీ కొంత చర్చించాక ఒప్పుకుంది. రెండోసారి వెళ్ళినప్పుడు మూడో ఆమె తన మాటల్లో సగం కొట్టేయించింది. సిద్ధాంత వ్యాసానికి అది నష్టమే, ఆ సగంలోనే మంచి వాక్యాలున్నాయి. కానీ కొట్టేయించే హక్కు లేని చోట చెప్పే హక్కుకి విలువేముంటుంది?

కాబట్టి కమిటీలు వద్దని మనం అనకూడదు. ఖమ్మం తర్వాత ఆ మాట అనలేం. మనం అడగాల్సింది వేరే ఉంది. ఆ బల్లచుట్టూ జీవిత కథలు సేకరించిన స్త్రీలు కూడా కూర్చోవాలి. విద్యార్థి ప్రాజెక్టుకి ఉన్న నాలుగైదు నెలల్లో తేలే పద్ధతి ఉండాలి. సమ్మతిని మొదటి రోజు సంతకంతో ముగించకుండా, అచ్చయ్యేదాకా సాగే సంభాషణగా చూడాలి. ఇవేవీ బయటినుంచి తెచ్చుకోవాల్సినవి కావు. 1985లో పటాన్‌చెరులో ఒక ఆరోగ్య కేంద్రం నుంచి లేచి వెళ్ళిపోయిన ఆడవాళ్ళు, 1986లో తమ పేర్లతో చరిత్ర చెప్పిన ఆడవాళ్ళు వాటిని మనకి ఎప్పుడో ఇచ్చిపెట్టారు.