సర్వర్ అప్‌డేట్లు, సర్వీస్ ప్యాక్‌ల ప్రణాళిక

సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చే ప్యాచ్‌లను, సర్వీస్ ప్యాక్‌లను ఎప్పుడు, ఏ వరుసలో ఎక్కించాలో, తేడా వస్తే పాత స్థితికి ఎలా రావాలో ముందే నిర్ణయించుకునే పని. విండోస్ సర్వర్ శ్రేణిలో చివరి సర్వీస్ ప్యాక్ 2011లో 2008 ఆర్2కు వచ్చింది. తరువాత నెలవారీ అప్‌డేట్లే దిక్కు. సూసే లినక్స్ 15 శ్రేణిలో మాత్రం సర్వీస్ ప్యాక్ పేరు కొనసాగింది.

ప్యాచ్ ఆలస్యమైతే ఏమవుతుందో తెలుగు నేలపై 2017 మేలో తెలిసింది. వానాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకు సోకింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 యూనిట్లు దెబ్బతిన్నాయని అప్పటి వార్తలు. యంత్రాల సంఖ్యపై పత్రికల లెక్కలు కలవవు. ఆ వైరస్ వాడుకున్న విండోస్ లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే దాడికి దాదాపు రెండు నెలల ముందే ఇచ్చింది. ప్రపంచవ్యాప్తంగా తప్పంతా పాత విండోస్ ఎక్స్‌పీదేనన్న మాట బాగా ప్రచారమైంది. కానీ సోకినవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలని భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ చూపిన లెక్కే నమ్మదగినది. ప్యాచ్ ఉండీ వేయకపోవడమే అసలు కారణమని దాన్నిబట్టి చెప్పవచ్చు.

ప్రణాళికతో చేసిన ఆపివేతకు దగ్గరి ఉదాహరణ అప్పటి తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి. డేటాబేస్ వెర్షన్ మార్పు కోసం 2024 డిసెంబరు 12 సాయంత్రం నుంచి 16 ఉదయం వరకు సేవలు ఉండవని ముందే ప్రకటించారు. ఇది ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ కాదు. అయినా పద్ధతి అదే. మధ్యలో రెండో శనివారం, ఆదివారం కలిసివచ్చాయి. కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ వంటి మండలంలో తహసీల్దారే వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ చేస్తారు. సర్వర్ ఎక్కడో ఉన్నా, అది ఆగితే పని మానుకుని సాక్షులతో వచ్చిన రైతు ఉత్తచేతులతో తిరిగిపోవాలి. అందుకే తేదీ ముందుగా చెప్పడాన్ని సాంకేతిక పనిలో భాగంగానే లెక్కించాలి.

ఆచరణలో బ్యాకప్ తీస్తే చాలదు, దాన్ని ఒకసారి వేరే యంత్రంలో తిరిగి ఎక్కించి చూడాలి. ప్యాచ్‌ను మొదట పరీక్షా సర్వర్‌లో, ఆపై తక్కువ ముఖ్యమైన వాటిలో వేసి, అసలు సర్వర్లను చివరికి ఉంచాలి. క్లస్టర్ అయితే ఒక్కో నోడ్‌ను విడిగా రీస్టార్ట్ చేస్తారు. అన్నింటికీ ఒకేసారి పంపితే ఏమవుతుందో 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చూపింది: సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

మద్దతు గడువు తేదీలను కూడా ప్రణాళికలో చేర్చుకోవాలి. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు పొడిగించిన మద్దతు (ఎక్స్‌టెండెడ్ సపోర్ట్) 2023 అక్టోబరు 10న ముగిసింది. సర్వర్ 2016కు అది 2027 జనవరి 12న ముగుస్తుంది.