డాఖావ్ స్మారక స్థలం: శిబిరం మూతపడ్డాక

దక్షిణ జర్మనీలోని మ్యూనిక్ నగరానికి వాయవ్యాన, మూతపడిన ఆయుధ కర్మాగారం స్థలంలో 1933 మార్చి 22న నాజీ ప్రభుత్వం తెరిచిన నిర్బంధ శిబిరం డాఖావ్. హిట్లర్ గద్దెనెక్కి అప్పటికి రెండు నెలలైనా నిండలేదు. మొదట కమ్యూనిస్టులను, సోషల్ డెమొక్రాట్లను తెచ్చి పడేశారు. తర్వాత యూదులు, రోమా జాతివారు, క్రైస్తవ మతాచార్యులు, స్వలింగ సంపర్కులు, ఆక్రమిత దేశాల పౌరులు వచ్చారు. పన్నెండేళ్లలో 40కి పైగా దేశాలకు చెందిన 2 లక్షల మందికి పైగా ఖైదీలు ఇక్కడా దీని ఉపశిబిరాల్లోనూ మగ్గారు. వారిలో కనీసం 41,500 మంది చనిపోయారు. 1945 ఏప్రిల్ 29న అమెరికా సేనలు మిగిలినవారిని విడిపించాయి. ఇంతవరకు ఏ గైడు పుస్తకంలోనైనా ఉంటుంది. చూడ్డానికి వెళ్లేవారికి తట్టనిది వేరొకటి ఉంది: ఇప్పుడు అక్కడ కంటికి కనబడేది నాటి శిబిరం కాదు. ఏది ఉంచాలి, ఏది కూల్చాలి, ఎవరిని తలచుకోవాలి అంటూ దశాబ్దాలపాటు సాగిన పెనుగులాటలో తేలిన రూపం అది. ఆ పెనుగులాట తెలియకపోతే డాఖావ్ సందర్శన సగమే.

యుద్ధం ముగిశాక అమెరికన్లు ఇక్కడ నాజీ అనుమానితులను బంధించారు, యుద్ధ నేరాల విచారణలు జరిపారు. చెకోస్లొవేకియా వెళ్లగొట్టిన జర్మన్ కాందిశీకులకు 1948 నుంచి బవేరియా ప్రభుత్వం ఆ బ్యారక్‌లనే ఇళ్లుగా మార్చి ఇచ్చింది. బడి, దుకాణాలు, భోజనశాల వెలిశాయి. దీన్ని మనస్సాక్షి లేని పని అని తీసిపారేయడం తేలిక. కానీ నగరాలు శిథిలాలైన దేశంలో లక్షల మందికి తలదాచుకునే చోటు లేదు. కాందిశీకులకు గూడు కల్పించడం తప్పు కాదు. తప్పు మరోచోట ఉంది. ఆ అవసరం చాటున శిబిరాన్నే మరచిపోవచ్చునని స్థానిక నాయకులు కొందరు ఆశించారు, శవదహనశాలను కూల్చేయాలన్న వాదన కూడా లేచింది. దాన్ని అడ్డుకున్నది బతికి బయటపడ్డ ఖైదీలు. 1955లో వారి అంతర్జాతీయ సంఘం మళ్లీ ఏర్పడింది. దాని పట్టుదల వల్లే 1965లో స్మారక స్థలం తెరుచుకుంది.

అప్పటికి శిథిలమైన బ్యారక్‌లను కూల్చివేసి రెండింటిని కొత్తగా కట్టారు. మిగతావాటి చోట కాంక్రీటు అంచుల మధ్య కంకర పరిచారు. కొత్తగా కట్టిన వాటిలో ఒకదానిలో మూడు కాలాల పడకలు చూపిస్తారు: తొలి రోజుల్లో మనిషికో అర, చివరి రోజుల్లో అడ్డులేని బల్లల వరుస. కిక్కిరిసిన జనం ఎలా పడుకున్నారో చెప్పడానికి ఆ బల్లలు చాలు. ఇదంతా నకలు కదా, మారణకాండే జరగలేదనేవారి నోటికి ఇది ఆయుధం కాదా అని అభ్యంతరం వస్తుంది. నకలును అసలని చెబితే తప్పకుండా ఆయుధమే. అలా చెప్పడం లేదు గనుకే ఇది ఆయుధం కాదు. 1942-43లో కట్టిన కొత్త దహనశాలలోని గ్యాస్ గదిని సామూహిక హత్యలకు వాడలేదని కూడా అక్కడ దాచకుండా చెబుతారు. ‘పని స్వేచ్ఛనిస్తుంది’ అన్న అక్షరాలున్న ఇనుప గేటు తలుపును 2014లో దొంగలు ఎత్తుకెళ్లారు. నార్వేలో దొరికిన అసలు తలుపు ఇప్పుడు మ్యూజియంలో ఉంది, ద్వారానికి ఉన్నది నకలు.

అయితే బాధితులే నిర్ణయించారు కాబట్టి అంతా న్యాయంగా జరిగిందనుకోకూడదు. 1968లో శిల్పి నాందోర్ గ్లిడ్ రూపొందించిన స్మారకంలో ఖైదీల రంగురంగుల త్రికోణ గుర్తులున్నా గులాబీ, నలుపు, ఆకుపచ్చ త్రికోణాలు లేవు. అంటే స్వలింగ సంపర్కులు, ‘సంఘవిరోధులు’, నేరస్థులు అన్న ముద్ర పడినవారు బాధితుల లెక్కలోకి రాలేదు. వెనుక ఒక దేశం నిలబడ్డవారి సంగతి వేరు. బ్రిటన్ తరఫున పనిచేసిన గూఢచారిణి, టిప్పు సుల్తాన్ వంశస్థురాలు నూర్ ఇనాయత్ ఖాన్‌ను మరో ముగ్గురు మహిళలతో 1944 సెప్టెంబర్ 13న ఇక్కడ కాల్చి చంపారు. ఆ నలుగురి పేర్లతో దహనశాలలో ఫలకం ఉంది. అయితే దేశం ఉన్నవారందరికీ ఆ గుర్తింపు త్వరగా రాలేదు. శిబిరానికి కొద్ది దూరంలోని హెబర్ట్‌స్‌హౌజెన్ కాల్పుల మైదానంలో 1941-42లో 4,000 మందికి పైగా సోవియట్ యుద్ధఖైదీలను కాల్చేశారు. వారిలో తెలిసినవారి పేర్లు ఆ మైదానంలో ఫలకాలకెక్కింది 2014లోనే.