ఎగ్ ద్వీప విద్యుత్ వ్యవస్థ

'''ఎగ్ ద్వీప విద్యుత్ వ్యవస్థ''' స్కాట్లాండు పశ్చిమ తీరానికి ఆవల, ఇన్నర్ హెబ్రిడీస్ ద్వీప సముదాయంలోని ఎగ్ ద్వీపానికి విద్యుత్తును అందించే స్వతంత్ర వ్యవస్థ. ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో దీనికి సంబంధం లేదు. నీరు, గాలి, ఎండల నుండి లభించే విద్యుత్తును కలిపి సరఫరా చేసే ఈ వ్యవస్థ 2008 ఫిబ్రవరి 1న ప్రారంభమైనది. మారుమూల జనావాసాలకు పునరుత్పాదక విద్యుత్తును సమకూర్చే ప్రణాళికలకు దీనిని ఉదాహరణగా పేర్కొంటారు.

== నేపథ్యం ==
ద్వీపంలో సుమారు వంద మంది నివసిస్తారు. 1997లో ఎగ్ ద్వీప వారసత్వ ట్రస్టు ద్వీపాన్ని కొనుగోలు చేసినది. అప్పటివరకు ద్వీపం ప్రైవేటు యజమానుల అధీనంలో ఉండేది. 2008కి ముందు చాలా ఇళ్ళకు సొంత డీజిల్ జనరేటర్లే ఆధారం. ఇంధనాన్ని పడవలపై తెచ్చుకోవలసి వచ్చేది. రోజంతా విద్యుత్తు ఉండేది కాదు. సముద్రగర్భం గుండా కేబుల్ వేయడం అధిక వ్యయంతో కూడిన పని కావడంతో స్థానిక వనరులనే ఎంచుకున్నారు. నిర్మాణానికి సుమారు 16 లక్షల పౌండ్లు ఖర్చయినది. ఇందులో అధిక భాగం ఐరోపా సమాఖ్య నిధులు, ఇతర గ్రాంట్ల రూపంలో లభించగా, ద్వీపవాసులు కూడా కొంత సమకూర్చారు.

== ఉత్పత్తి ==
* '''జలవిద్యుత్తు:''' ప్రధాన కేంద్రం సామర్థ్యం 100 కిలోవాట్లు. మరో రెండు చిన్న కేంద్రాలు ఉన్నాయి.
* '''పవన విద్యుత్తు:''' 6 కిలోవాట్ల గాలిమరలు నాలుగు.
* '''సౌర విద్యుత్తు:''' తొలుత సుమారు 10 కిలోవాట్లు. తరువాత 50 కిలోవాట్లకు పెంచారు.

శీతాకాలంలో వానలు, గాలులు ఎక్కువ; వేసవిలో వాగులు సన్నగిల్లినా పగటికాలం దీర్ఘంగా ఉంటుంది. ఒక వనరు తగ్గిన కాలంలో మరొకటి ఆదుకొనేలా ఈ మూడింటినీ ఎంచుకున్నారు. మిగులు విద్యుత్తు బ్యాటరీలలో నిల్వ అవుతుంది. అవి నిండినపుడు అదనపు విద్యుత్తుతో సామూహిక భవనాలను వెచ్చబరుస్తారు. మూడు వనరులూ చాలనపుడు డీజిల్ జనరేటర్లను నడుపుతారు. మొత్తం వినియోగంలో సుమారు 90 శాతం పునరుత్పాదక వనరుల నుండే లభిస్తుంది. సుమారు 11 కిలోమీటర్ల భూగర్భ తీగల ద్వారా సరఫరా జరుగుతుంది.

== వినియోగ పరిమితి ==
ఈ ప్రణాళికలో ముఖ్యాంశం ఉత్పత్తి కాదు, పరిమితి. ఇల్లు చిన్నదైనా పెద్దదైనా ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడరాదు. వ్యాపార సంస్థలకు ఈ పరిమితి 10 కిలోవాట్లు. హద్దు దాటితే ఆ ఇంటికి సరఫరా నిలిచిపోతుంది. అందువలన కెటిల్, బట్టలు ఉతికే యంత్రం, విద్యుత్ పొయ్యి వంటి వాటిని ఒకదాని తరువాత ఒకటి వాడుకోవడం అలవాటయినది. అందరూ ఒకేసారి గరిష్ఠంగా వాడుకొనే రోజును లెక్కలోకి తీసుకొని నిర్మించి ఉంటే మరింత పెద్ద యంత్రాలు, బ్యాటరీలు అవసరమై, వ్యయం ఇంత చిన్న సమాజం భరించలేని స్థాయికి చేరేది.

== నిర్వహణ ==
ట్రస్టుకు చెందిన ఎగ్ ఎలక్ట్రిక్ సంస్థ ఈ వ్యవస్థను నిర్వహిస్తుంది. శిక్షణ పొందిన ద్వీపవాసులే దైనందిన మరమ్మతులు చూస్తారు. వాతావరణం బాగులేక పడవలు నిలిచిపోయే చోట ఇది తప్పనిసరి ఏర్పాటు. బ్యాటరీలు, యంత్రాలు కాలక్రమాన అరిగిపోతాయి గనుక నిర్మాణ వ్యయంతోపాటు, వాటిని మార్చడానికి కావలసిన నిధిని కూడా ఇటువంటి ప్రణాళికలలో ముందే లెక్కించవలసి ఉంటుంది.

== ఇవి కూడా చూడండి ==
* సౌరశక్తి
* పవన విద్యుత్తు
* జలవిద్యుత్తు