మాధవాయిపాలెము: ఒక రేవుగ్రామ చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో మండపేటను గూర్చి వ్రాయక, రెండు నదీపాయల కావల నున్న వేరొక పల్లెను గూర్చి వ్రాయుట పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని మనమును ఆ పల్లెవారును ఒకే గోదావరి నీరు త్రాగుచున్నాము. పైగా ఆ పల్లె పేరు లండను నగరములోను, పారిసు, మాడ్రిడ్ నగరములలోను నిఘంటువుల కెక్కినది. ఆ పేరు మాధవాయిపాలెము. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురమును ఆనుకొనియున్న చిన్న రేవు. ఒక పల్లె పేరు ప్రపంచమంతయు తిరిగి రాగా, ఆ పేరు తెచ్చిపెట్టిన వారి బ్రతుకు ఏమైనది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

స్థలము

ధవళేశ్వరము కడ గోదావరి గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండుగా చీలును. మన మండపేట సీమ గౌతమికి తూర్పున నున్నది. వసిష్ఠ దక్షిణముగా ప్రవహించి అంతర్వేది కడ సముద్రములో కలియును. సాగరసంగమమునకు కొంత ఎగువగా, వసిష్ఠకు పడమటి గట్టున నరసాపురమును, దాని చెంత మాధవాయిపాలెము రేవును గలవు. ఎదుటి గట్టు కోనసీమలోని సఖినేటిపల్లి. ఈ రెండు గట్టుల నడుమ పంటుపై మనుష్యులును బండ్లును దాటుట ఆ ప్రాంతమువారికి తరతరముల వాడుక.

ఈ చోటుకు మూడు గుణములు కలవు. సముద్రపు పోటు లోపలికి వచ్చును గనుక ఓడలు నదిలోనికి రాగలవు. తుఫానులకు ఎదురుగా నుండు సముద్రతీరమున కంటె నదిలోపల లంగరు వేయుట క్షేమము. ఎగువ అడవులలోని కలప తెప్పలుగా కట్టి నీటివాలున దింపవచ్చును. ఈ మూడింటి వలననే ఆ మట్టిరేవు వర్తకులను ఆకర్షించినది. అయితే నది ఇచ్చు చేతితోనే తీసికొనును. ఒండ్రు పేరుకొన్నకొలది ముఖద్వారము పూడుచుండును. ప్రవాహము మళ్ళినపుడు గట్టు కోతకు గురియగుచుండును. రేవు భాగ్యము ఇసుకతిన్నెలపై ఆధారపడి యుండెనన్నమాట.

పాలకులు

పదునేడవ శతాబ్దిలో ఈ తీరము గోలకొండ కుతుబ్ షాహీల యేలుబడిలో నుండెను. ఆంగ్లేయుల ఓడ గ్లోబు 1611 లో మచిలీపట్టణము చేరెను. 1634 లో వారు నరసాపురమునకు సమీపమున నున్న వీరవాసరమున కొఠీ పెట్టిరి. డచ్చివారు పాలకొల్లున స్థిరపడిరి. 1670 నాటి దశకములో మాధవాయిపాలెమున ఆంగ్లేయుల కొఠీ నెలకొనియుండెను. మచిలీపట్టణపు చవిటినీరును చెడుగాలియు పడనివారు ఆరోగ్యమునకై ఇచటికి వచ్చి విశ్రమించెడివారు. చెన్నపట్టణపు గవర్నరు స్ట్రెయిన్‌షాం మాస్టరు 1679 లో ఈ కొఠీలను స్వయముగా తనిఖీ చేసి తన దినచర్యలో వ్రాసికొనెను.

1687 లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. తరువాత నిజాము, 1753 లో ఫ్రెంచివారు ఈ సర్కారులకు అధికారులైరి. 1757 లో ఫ్రెంచి సేనాని బుస్సీ మాధవాయిపాలెమును, బండమూరులంకను, యానాము చెంతనున్న ఇంజరమును పట్టుకొనెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో చందుర్తి యుద్ధమున కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నోడించుటతో త్రాసు తిరుగబడినది. 1765 లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766 లో నిజాముతో సంధి, వీనివలన ఉత్తర సర్కారులు కంపెనీవారి వశమైనవి.

ఇచట ఒక సంగతి గమనింపదగినది. అంతవరకు కంపెనీవారు కొనుగోలుదారులు మాత్రమే. రేటు నచ్చనిచో నేతగాడు తన తానును డచ్చివానికో, ఫ్రెంచివానికో, స్థానిక వర్తకునికో అమ్ముకొనగలిగెను. 1766 తరువాత కొనువాడే దొర యయ్యెను. పన్ను వసూలు చేయువాడును, న్యాయము చెప్పువాడును, గుడ్డ వెలకట్టువాడును ఒక్కడే యైన పిదప బేరమాడుటకు తావేది?

తదుపరి పాలనా చరిత్రను క్లుప్తముగా చెప్పుదును. 1859 లో గోదావరి జిల్లా ఏర్పడెను. 1904 లో నరసాపురము తాలూకా, నగరము లంక మినహా, కృష్ణా జిల్లాకు మారెను. 1925 లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడగా అందులో చేరెను. మన జిల్లా నాడే తూర్పు గోదావరి యను పేరు దాల్చెను. 2022 లో జరిగిన పునర్విభజనలో పశ్చిమ గోదావరికి భీమవరము ముఖ్యపట్టణమైనది.

ఓడలు, వస్త్రములు

ఈ రేవు తొలి కీర్తి ఓడల వలన కలిగినది. ఎగువ నుండి కలప, చేరువలోనే ఇనుము, నేర్పరులైన వడ్రంగులు, తక్కువ కూలి, ఇవి నరసాపురమున లభించుటచే ఆంగ్ల వర్తకులు తమ ఓడలను సహితము అచట కట్టించుకొనిరి. 1670 నాటి దశకములో ఈ తీరమున తిరిగిన థామస్ బౌరీ యను నావికుడు తన గ్రంథమున దీనిని ప్రశంసించెను.

ఓడలకంటె శాశ్వతమైన కీర్తిని తెచ్చినది నూలుగుడ్డ. ఆ పరిశ్రమ నడచిన విధము తెలిసికొందము. ప్రత్తిలో చాలభాగము దక్కను నుండి లంబాడీల ఎద్దుల బిడారులపై వచ్చెడిది. దానిని ఏకి, వడకువారు స్త్రీలు. రాట్నము లేని ఇల్లు అరుదు. దేవాంగులు, పద్మశాలీలు, కర్ణభక్తులు మొదలగువారు పడుగుచేసి, గంజిపెట్టి, గుంటమగ్గముపై నేసెడివారు. పడుగులోని పోగులను పుంజములలో లెక్కించిరి. పుంజములు హెచ్చినకొలది గుడ్డ దట్టము, వెల యెక్కువ. నేసిన తానును రజకులు ఏటినీట ఉతికి, ఎండలో ఆరవేసి తెల్లబరచెడివారు. ఒక్క తాను వెనుక ఇన్ని కులముల చేతులు, ఇన్ని ఇండ్ల పొయ్యిలు ఉండెడివి.

కంపెనీవారు ముందుగా సొమ్ము బయానా యిచ్చి, నిర్ణయించిన గడువునకు నిర్ణయించిన రకము గుడ్డను తీసికొనెడివారు. నడుమ దుబాషీలును, షాహుకారులును ఉండిరి. బయానా లేనిదే నేతగాడు నూలు కొనలేడు, కూడు తినలేడు. బయానా తీసికొన్న పిదప వేరొకనికి అమ్మరాదు. కొఠీలో గుడ్డను పరిశీలించి, మచ్చున కంటె తక్కువ రకమన్నచో వెల తగ్గింతురు, లేదా త్రిప్పివేయుదురు. తరువాతి బయానాలో పాత బాకీ మినహాయింతురు. ఇట్లు చేయూతగా మొదలైన సొమ్ము సంకెల యైనది. పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున గోదావరి తీరమున నేతవారు అనేక పర్యాయములు మగ్గములు నిలిపివేసి, గుంపులుగా కూడి మొరపెట్టిరి. అక్షరములు నేర్వని జనము తమ కష్టమును తెలుపుటకు పనినే ఆపిరి. అధికారుల పత్రములలో అది "అల్లరి" గా వ్రాయబడినది. వ్రాతపని ఎవరి చేతిలో నుండునో, చరిత్రలో నిందయు ఎవరిపై పడవలెనో వారే నిర్ణయింతురు.

పతనము

కంపెనీకి ఈ డెల్టాలో మూడు వర్తక ఏజెన్సీలు ఉండెను: మాధవాయిపాలెము, బండమూరులంక, ఇంజరము. వీనిలో మాధవాయిపాలెమే ప్రధానము. 1708 లో స్థాపితమైన ఇంజరము కొఠీయు సన్నని గుడ్డకు పేరుగన్నది.

ఇంగ్లండులో స్వదేశపు నేతవారు మన గుడ్డలను చూచి భయపడిరి. 1700 లోను, 1721 లోను అచటి శాసనసభ అద్దకపు నూలుగుడ్డలపై నిషేధ చట్టములు చేసెను. పిదప యంత్రములు వచ్చినవి: 1769 లో ఆర్క్‌రైటు నీటిశక్తి రాట్నము, 1779 లో క్రాంప్టను మ్యూలు, 1785 లో కార్ట్‌రైటు మరమగ్గము. లంకాషైరు మిల్లులు మన గుడ్డల మచ్చును ముందుంచుకొని నేసినవి. 1813 లో హిందూదేశపు వర్తకముపై కంపెనీ గుత్తాధికారము పోయి, ఆంగ్లదేశపు మిల్లుబట్ట మన రేవులలో విరివిగా దిగెను. 1833 నాటి చట్టము కంపెనీ వర్తకమునకే స్వస్తి చెప్పెను. ఆ నాటికి మాధవాయిపాలెము ఏజెన్సీయు ముగిసిపోయెను.

ఏ యేట బేరము పోయినదో ఇంచుమించు ఆ యేటనే వానయు పోయినది. 1832–33 లో వచ్చిన నందననామ సంవత్సరపు కరవు సర్కారులను పీడించెను. 1839 నవంబరులో ఉప్పెన కోరంగిని ముంచెను. బయానా లేదు, బేరము లేదు, పంట లేదు. మగ్గము విడిచి కూలికి పోయినవారు, ఊరు విడిచి దేశాంతరము పోయినవారు ఎందరో. సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844 లో రాజమహేంద్రవరము జిల్లా దుఃస్థితిని నివేదించెను. దాని వెంబడి సర్ ఆర్థర్ కాటను ఆనకట్ట వచ్చినది. 1847 లో మొదలై 1852 లో ముగిసెను. ఆ నీటితో మన భూములు పచ్చబడినవి. నేతగాని కన్నీరు తుడుచుటకు మాత్రము ఆనకట్ట వంటిది ఏదియు రాలేదు.

పేరు చేసిన ప్రయాణము

ఊరు చిన్నబోయినను పేరు పెద్దదైనది. మాధవాయిపాలెము ఆంగ్లేయుల నోట "మడపొల్లం" అయినది. అచటి నుండి వచ్చిన మెత్తని తెల్లగుడ్డకు ఆ పేరే నిలిచినది. కోళిక్కోడు పేరు "కాలికో" గుడ్డకు నిలిచినట్లే. లంకాషైరు మిల్లువారు తాము నేసిన గుడ్డకును ఈ పేరే పెట్టి దేశదేశములకు అమ్మిరి. ఫ్రెంచివారు, స్పెయిన్ దేశీయులు తమ భాషలలో చేర్చుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషువారి "మస్కిటో" విమానము చెక్కతో నిర్మింపబడినది. ఆ చెక్కపై అంటించి వార్నీషువంటి ద్రవము పూసిన గుడ్డ పేరు మడపొల్లమే. గోదావరి గట్టు పేరు ఆకాశమున కెగిరెను! ఆ విమానములను నడపినవారిలో ఈ రేవు పేరు వినినవారెందరు? ఆ రేవులో పడవ నడపువారిలో ఈ విమానము సంగతి వినినవారెందరు?

కొఠీ పోయినను పద్ధతి పోలేదు

పంతొమ్మిదవ శతాబ్దిలో స్కాట్లండు నుండి వచ్చిన మిషనరీ దంపతులు ఆ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. క్రమముగా అది నరసాపురము చుట్టుపట్ల వేలాది ఇండ్ల పనియై, విదేశముల కెగుమతి యగు సరకైనది. జర్మను పండితురాలు మరియా మీస్ ఆ స్త్రీలను గూర్చి 1982 లో ఒక గ్రంథము ప్రకటించెను. దారము ఏజెంటు ఇచ్చును. స్త్రీ ఇంట కూర్చుండి అల్లును. వెల ఏజెంటు కట్టును. లాభము ఎగుమతిదారునకు చేరును. దినమునకు అనేక గంటలు అల్లినను ఆమె కూలిమనిషిగా నైన లెక్కింపబడదు, ఇల్లాలు తీరికవేళ చేయు పనిగా చెప్పబడును. ఇది చదివినపుడు పాత బయానా పద్ధతియే గుర్తునకు వచ్చును. కొఠీ గోడలు పోయినవి. నడుమ మనిషి పోలేదు.

2024 లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. మన ఉప్పాడ జాందానీకి 2009 లోనే లభించినది. ఇది హర్షింపదగిన సంగతి. నాడు మాధవాయిపాలెము పేరును ఎవరైనను పెట్టుకొని అమ్మిరి. నేడు అట్లు చేయుట చట్టవిరుద్ధము. కాని పేరును కాపాడుట సగము పని మాత్రమే. పేరు వలన వచ్చు సొమ్ములో అల్లిన చేతికి ఎంత చేరునన్నదే మిగిలిన సగము.

మనకు దీనితో పని యేమి?

మండపేటవారికి గుడ్డ క్రొత్త కాదు. మన ముంగిటనే ద్వారపూడి వస్త్రవిపణి యున్నది. అచట తాను కొలిపించుకొనునపుడు, దానిని నేసిన చేతిని ఒక్కసారి తలచుకొందము.

రెండవది, చరిత్ర రచన. మాధవాయిపాలెమును గూర్చి నేను చెప్పిన వానిలో అధికభాగము కొనవచ్చినవారు వ్రాసికొన్నది. నేసినవారు వ్రాసినది లేదు. వారికి మగ్గముండెను గాని కలము లేకపోయెను. మనకు ఆ సాకు లేదు. మన యింటి అటకలపై పాత దస్తావేజులు, లెక్కల పుస్తకములు, పెండ్లి పద్దులు ఉన్నవి. కాలువ త్రవ్వకమును గూర్చి, తొలి బియ్యపు మరను గూర్చి తాతలు చెప్పగా విన్నవారు మన మధ్య ఉన్నారు. చెదలు తినకముందే ఆ కాగితములను, మరపు రాకముందే ఆ మాటలను మన గ్రంథాలయమునకు చేర్పవలెను. ఒక బీరువా, నాలుగు అట్టపెట్టెలు, శ్రద్ధగల ఇద్దరు యువకులు చాలును.

ఇరువదియైదు సంవత్సరములు ఈ గ్రంథాలయము ఇతరులు వ్రాసినది మనకు చదివించినది. ఇకమీదట మనము వ్రాసినది ఇతరులు చదువునట్లు చేయుట దీని రెండవ బాధ్యత. అట్లు జరిగినచో, నూరేండ్ల పిదప మండపేటను గూర్చి వ్రాయదలచినవాడు పరదేశపు దినచర్యలను వెదకవలసిన అవసరముండదు. మన గ్రంథాలయపు మెట్లెక్కిన చాలును.