వేడి ముందు, వెలుగు వెనక

చలికాలంలో కప్పు కింద కూరగాయలు పెంచడం గురించి మిగిలిన పాత రాతల్లో ఒకటి, ఆ పని మాన్పించిన ముచ్చట. క్రీ.పూ. 33లో, చైనాను హాన్ వంశం ఏలుతున్న రోజుల్లో, రాజుగారి వంటశాలకు సరుకు పంపే తోటల్లో నడి చలికాలంలో కూడా ఉల్లికాడలు, ఆకుకూరలు పెంచేవారు. పైన కప్పు వేసి, రాత్రింబవళ్లు నిప్పు రాజేసి, ఆ వెచ్చదనానికి మొలిపించేవారు. షావో షిన్‌చెన్ అనే అధికారికి ఇది నచ్చలేదు. కాలం కాని కాలంలో పండినవి ఒంటికి మంచివి కావని, వడ్డనకు సమర్పించదగినవి అసలే కావని రాజుకు విన్నవించి ఆపించాడు. ఇలాంటి తిండి దుబారాలన్నీ తగ్గించడం వల్ల ఏటా కోట్ల నాణేలు మిగిలాయని హాన్ చరిత్ర గ్రంథం లెక్క రాసింది.

ఒంటి సంగతి ఎలా ఉన్నా, ఖర్చు సంగతి మాత్రం ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. చలిని మోసం చేసి నారు పోసే విద్య దాదాపు రెండు వేల ఏళ్లు ఎక్కువగా రాజుల దగ్గరే ఉండిపోవడానికి అసలు కారణం అదే.

ఇందులో ఉన్న చిక్కు రెండు ముడులది. మొలకెత్తడానికి విత్తనం అడిగేది వెచ్చదనం. మొలిచాక మొక్క అడిగేది వెలుగు. మొదటిది ఎంత ముఖ్యమో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జె.ఎఫ్. హారింగ్టన్ 1950లలో వేసిన పట్టిక చూస్తే తెలుస్తుంది. మట్టి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే టమాటా విత్తనం మొలవడానికి 43 రోజులు పడుతుంది. 25 డిగ్రీల్లో 6 రోజులు చాలు. మిరపకు 15 డిగ్రీల్లో 25 రోజులు, 25 డిగ్రీల్లో 8 రోజులు. అన్ని రోజులు చల్లటి తడి మట్టిలో పడి ఉన్న గింజ మొలిచేదాకా కుళ్లకుండా ఉంటే అదృష్టమే.

రోమన్ చక్రవర్తి టిబేరియస్ తోటమాలులు రెండు ముడులనూ ఒకేసారి విప్పబోయారు. ఆయనకు రోజూ విస్తట్లో దోసకాయ ఉండాలి. మడులను చక్రాల మీద కట్టి, ఎండ ఉన్నప్పుడు బయటికి తోసి, చలి ముదిరితే లోపలికి లాగి, పైన పారదర్శకమైన రాతి పలకలు కప్పేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. గాజు పలకలు ఇంకా అరుదైన రోజులవి. స్పెయిన్ గనుల్లో దొరికే ఒక రకం జిప్సమ్‌ను పల్చటి రేకులుగా చీల్చి కిటికీలకు బిగించేవారు, అదే ఇక్కడికీ వచ్చింది. ఆ దోసకాయ ఇవాళ్టి కీరా కాదు, ఖర్బూజా జాతికి చెందిన పొడవాటి వంకర కాయ అని కొందరు వృక్షశాస్త్రజ్ఞుల వాదన.

ఆ రోజుల రోమన్ రచయిత కొలుమెల్లా చెప్పిన పద్ధతి ఇంతకన్నా తెలివైనది, పేదవాడికి కూడా అందేది. బుట్టలో పెంట కలిపిన మట్టి నింపి గింజ పెట్టు. ఎండ కాసిన రోజు బయట ఉంచు, మిగతా రోజులు లోపల దాచు. చలి పోయాక బుట్టతో సహా నేలలో పాతిపెట్టు. దోస, సొర జాతుల వేళ్లు కదిలిస్తే ఓర్చుకోవు కాబట్టి ఆ చివరి మాటలోనే ఉంది కిటుకంతా. బురద నేలల్ని తవ్వి తీసే పీట్‌తో చేసిన, నేలలో కరిగిపోయే కుండీలు ఇరవయ్యో శతాబ్దంలో నార్వే నుంచి బజారుకు వచ్చినప్పుడు చేసిన పని కూడా ఇదే.

కొరియా వాళ్ల ఉపాయం వేరు. 1450 ప్రాంతంలో చన్ సునీ అనే ఆస్థాన వైద్యుడు రాసిన ఒక వంటల, వ్యవసాయ పుస్తకం 2001లో బయటపడింది. అందులో చలికాలంలో కూరలు పెంచే గది వర్ణన ఉంది. మూడు వైపులా మట్టి గోడలు, దక్షిణం వైపు నూనె పట్టించిన కాగితం, నేల కింద పొయ్యి పొగ పాకే గొట్టాలు. ఇళ్లను వెచ్చబెట్టుకునే పద్ధతినే మొక్కలకూ వాడేశారు. ఆ కాగితం వెలుగును లోపలికి రానిస్తుంది, తేమను తట్టుకుంటుంది. ఐరోపాలో ఇలాంటి వేడి గదులు కట్టడానికి ఆ తర్వాత చాలాకాలం పట్టింది.

ఐరోపా నమ్ముకున్నది గుర్రపు పెంటను. పచ్చి పెంటను గడ్డితో కలిపి కుప్ప పోస్తే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడుతూ వేడి పుట్టిస్తాయి. మొదటి రోజుల్లో కుప్ప నడుమ 60 డిగ్రీలు దాటుతుంది. అప్పుడే గింజ వేస్తే ఉడికిపోతుంది. ఆ పొగరు తగ్గాక పైన జానెడు మట్టి పోసి, విత్తి, పలక కప్పితే కొన్ని వారాలపాటు కింద నుంచి వెచ్చదనం వస్తూనే ఉంటుంది. వేడి చల్లారితే చుట్టూ మళ్లీ కొత్త పెంట పేరుస్తారు.

వెర్సాయిలో పద్నాలుగో లూయీ గుర్రపుశాలల్లో పెంటకు కొదవ లేదు. 1678–83 మధ్య కట్టిన రాజుగారి కూరగాయల తోటను చూసుకున్న లా క్వింటినీ చదివింది న్యాయశాస్త్రం, మనసు పడింది మట్టి మీద. ఈ వేడి మడులతో, గంట ఆకారపు గాజు మూతలతో ఆయన డిసెంబరులో యాస్పరాగస్, జనవరిలో లెట్యూస్ వడ్డనకు పంపేవాడు. రాజు మెచ్చుకున్నాడు సరే, ఆ తోట తవ్వడానికి ముందు అక్కడున్న చిత్తడి నేలను పూడ్చి మట్టి తోలిన కూలీల శ్రమకు ఏ పుస్తకంలోనూ అంత చోటు దక్కలేదు.

పందొమ్మిదో శతాబ్దానికి ఈ విద్య రాజు గేటు దాటి పారిస్ శివార్ల చిన్న రైతుల చేతికి వచ్చింది. నగరంలో బండ్లు లాగే గుర్రాల పెంటంతా వాళ్ల మడుల్లోకే. గంట ఆకారపు గాజు మూతలు వరసలుగా పేర్చి, పగలు గాలి ఆడటానికి ఒక అంచు కింద కర్ర ముక్క పెట్టి ఎత్తి, రాత్రి మంచుకు గడ్డి చాపలు కప్పేవారు. మోటారు బండ్లు వచ్చి గుర్రాలు తగ్గాక ఆ వ్యవసాయం కూడా పలచబడింది. ఇంగ్లండులో ఇంకో అడ్డంకి: 1746 నుంచి గాజు మీద బరువు లెక్కన సుంకం. 1845లో అది ఎత్తేశాకే మామూలు మనిషి పెరట్లో గాజు మూత పెట్టె కనిపించసాగింది.

మట్టి సంగతి అందరికన్నా ఆలస్యంగా పట్టించుకున్నారు. వెచ్చగా, తడిగా ఉన్నచోట నారుకుళ్ళు తెగులు తప్పదు. రాత్రి నిటారుగా ఉన్న మొలక తెల్లారేసరికి మొదలు దగ్గర విరిగి పడి ఉంటుంది. 1930లలో లండన్ దగ్గరి జాన్ ఇన్నెస్ పరిశోధన సంస్థలో ప్రిమ్యులా మొక్కలు ఇలాగే పోతుంటే విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ ఓ పద్ధతి తేల్చారు. ఒండ్రుమట్టిని ఆవిరితో శుద్ధి చేసి, రెండు పాళ్ల మట్టికి ఒక పాలు పీట్, ఒక పాలు ఇసుక కలపడం. అంతకు ముందు ప్రతి తోటమాలికీ తన సొంత రహస్య మిశ్రమం ఉండేది, అదే గొప్పగా చెప్పుకునేవాడు.

ఇక మిగిలింది వెలుగు. డిసెంబరు నడుమ హైదరాబాదులో పగలు పదకొండు గంటలుంటుంది, లండన్‌లో ఎనిమిది కూడా ఉండదు. కిటికీ దగ్గర పెట్టిన నారు గాజు వైపు వాలి, పాలిపోయి, దారంలా సాగుతుంది. 1938లో అమెరికాలో ఫ్లోరసెంట్ ట్యూబులు అమ్మకానికి వచ్చాక ఈ ముడి విడింది. అవి తక్కువ వేడెక్కుతాయి కాబట్టి మొలకలకు బెత్తెడు ఎత్తులో వేలాడదీసి రోజుకు 14–16 గంటలు వెలిగించవచ్చు. ఆ పని ఇప్పుడు ఎల్‌ఈడీ చేస్తోంది. చక్రవర్తి చక్రాల బండి చేసిన పనిని గ్యారేజీలోని ఇనప అల్మరా, ఒక ట్యూబు, అడుగున కరెంటు వేడి చాప చేసేస్తున్నాయి.

తెలుగు నేల మీద ఈ కథ తిరగబడుతుంది. మన దగ్గర చలికాలమే కూరగాయల కాలం, నారును కాపాడుకోవలసింది ఎండ నుంచీ పురుగుల నుంచీ. అయినా పనిముట్లు అవే. 1960ల చివర ఫ్లోరిడాలో జార్జ్ టాడ్ మొదలుపెట్టిన గళ్ల ట్రేల నారు ఇవాళ మదనపల్లె టమాటా రైతుకూ, గుంటూరు మిరప రైతుకూ ప్రోట్రేలుగా పరిచయం. తొంభై ఎనిమిది గళ్ల ట్రేలో పోసేది మట్టి కాదు, పీట్‌కు బదులుగా పనికొచ్చే కొబ్బరి పొట్టు. పీట్‌ను ఇంటి తోటలకు అమ్మకుండా 2024 కల్లా ఆపేస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2022లో ఇంగ్లండు విషయంలో ప్రకటించింది, ఆ గడువుకు చేయలేకపోయింది. అయినా దక్షిణాది కొబ్బరి పొట్టు ఇటుకలు అప్పటికే పాశ్చాత్య దేశాలకు ఓడల్లో వెళ్తున్నాయి.

వాటిని నీళ్లలో నానబెట్టి వంగ, మిరప గింజలు పెట్టేవాళ్లలో అమెరికా తెలుగువాళ్లూ ఉన్నారు. షికాగోలో మే నడుమ దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి వంగ, మిరపలను మార్చిలోనే ఇంట్లో మొలిపిస్తారు. డల్లాస్‌లో అయితే మార్చి నడుమకే చలి విడిచిపోతుంది, గింజ జనవరిలోనే నానాలి. బీర, సొరలకు మూడు నాలుగు వారాల ముందస్తు చాలు, అంతకు మించి ట్రేలో ఉంచితే వేళ్లు చుట్టుకుపోతాయి. బయట నాటే ముందు వారం పది రోజులు నారును రోజూ కొంచెంసేపు గాలికీ ఎండకూ పెట్టి అలవాటు చేయాలి. ఆ ఓపిక లేక ఇంట్లోంచి నేరుగా ఎండలో నాటినవాళ్లకు తెల్లగా కాలిన ఆకులే మిగులుతాయి.