సౌర కనిష్ఠం: మచ్చలు లేని సూర్యుడు, మారే రేడియో తరంగాల దారి

సూర్యబింబంపై నల్లమచ్చలు బాగా తగ్గిపోయే దశను ‘సౌర కనిష్ఠం’ అంటారు. సూర్యుని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. లోపలి నుంచి పైకి వచ్చే వేడిని బలమైన అయస్కాంత క్షేత్రం అడ్డగించిన చోట అది దాదాపు 3,500 డిగ్రీలకు పడిపోతుంది. పరిసరాలకన్నా వెలుగు తక్కువ కావడంతో ఆ ప్రాంతం మచ్చలా కనిపిస్తుంది.

ఈ మచ్చల సంఖ్య ఒక క్రమంలో పెరిగి తరుగుతుందని జర్మన్ పరిశీలకుడు హైన్‌రిక్ ష్వాబే 1843లో వెల్లడించారు. ఒక సౌరచక్రం సగటు కాలం 11 ఏళ్లు. 1755 నుంచి లెక్కించే ఈ చక్రాలలో 25వది 2019 డిసెంబరులో మొదలైంది. తమిళనాడులోని కొడైకనాల్ సౌర వేధశాల 1904 నుంచి సూర్యబింబాన్ని ఛాయాచిత్రాలుగా నమోదు చేస్తూ వస్తోంది.

కొన్నిసార్లు ఈ ప్రశాంతత దశాబ్దాల తరబడి కొనసాగుతుంది. 1645-1715 మధ్య సూర్యునిపై మచ్చలు అత్యంత అరుదుగా కనిపించాయి. గోల్కొండలో కుతుబ్‌షాహీల పాలన 1687లో అంతరించింది ఈ కాలంలోనే. దీనికి ‘మౌండర్ కనిష్ఠం’ అనే పేరును 1976లో అమెరికన్ శాస్త్రవేత్త జాన్ ఎడ్డీ స్థిరపరచారు. అదే కాలంలో ఐరోపాలో తీవ్రమైన చలికాలాలు వచ్చినా, వాటికి అగ్నిపర్వత విస్ఫోటాలు వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. ఒక చక్రంలో సూర్యశక్తి మారేది దాదాపు 0.1 శాతమే. అందుచేత నేటి భూతాపాన్ని సౌర కనిష్ఠం ఆపగలదనే వాదనకు ఆధారం లేదు.

సౌర కనిష్ఠం ప్రభావం స్పష్టంగా తెలిసేది రేడియోపైనే. సూర్యుని అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు భూమిపైనున్న అయనావరణంలో విద్యుదావేశ కణాలను సృష్టిస్తాయి. షార్ట్‌వేవ్ తరంగాలు ఆ పొర నుంచి వెనక్కి మళ్లి దూర ప్రాంతాలకు చేరతాయి. మచ్చలు తగ్గితే ఈ కిరణాలూ తగ్గి పొర పలచబడుతుంది. అప్పుడు హెచ్చు పౌనఃపున్యాలు తిరిగి రాక అంతరిక్షంలోకి సాగిపోతాయి. తక్కువ పౌనఃపున్యాలు మాత్రం చక్కగా పనిచేస్తాయి. సౌరజ్వాలల వల్ల కలిగే అంతరాయాలూ అరుదవుతాయి.

సముద్రం నడుమ ఉన్న దీవులకు ఇది ప్రాణావసరమైన విషయం. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపం, సునామీలతో దక్షిణ అండమాన్‌లోని సిప్పీఘాట్ వద్ద నేల కుంగి, పల్లపు పొలాలను ఉప్పునీరు ముంచెత్తింది. దీవుల్లో టెలిఫోన్ వ్యవస్థ దెబ్బతిన్నది. ఆ సమయానికి హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తోడ్పాటుతో వచ్చిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఆ బృందం హామ్ రేడియో ద్వారా ప్రధాన భూభాగానికి సమాచారం చేరవేసింది. అప్పటికి 23వ సౌరచక్రం క్షీణదశలో ఉన్నది. నాలుగేళ్ల తరువాత, 2008 డిసెంబరులో, కనిష్ఠానికి చేరింది. అటువంటి విపత్తు సౌర కనిష్ఠంలో వస్తే, నిర్వాహకులు వేళను, దూరాన్ని బట్టి తగిన తక్కువ పౌనఃపున్యాన్ని ముందే ఎంచుకొని ఉండాలి.

ఈ దశలో విశ్వకిరణాల తాకిడి పెరుగుతుంది. పై వాతావరణం చల్లబడి సంకోచించడంతో దిగువ కక్ష్యల్లోని ఉపగ్రహాలపై రాపిడి తగ్గుతుంది. వాటితోపాటు అంతరిక్ష వ్యర్థాలూ ఎక్కువకాలం తిరుగుతూ ఉంటాయి.

25వ చక్రం 2024 అక్టోబరులో గరిష్ఠానికి చేరింది. తదుపరి కనిష్ఠం 2030 ప్రాంతంలో రావచ్చని అంచనా. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ణి గమనిస్తోంది. మచ్చలు ఉన్నా లేకున్నా సూర్యుణ్ణి నేరుగా కంటితో చూడరాదు.