గంట ఎవరి చేతిలో ఉంది? (మన బడి చరిత్ర - 6)



కరోనా కాలపు ఆన్‌లైన్ చదువుల గురించి రాసేవాళ్లంతా ఒకటే మాట చెబుతారు. ఫోన్ లేదు, సిగ్నల్ లేదు, డేటా లేదు. నిజమే. కానీ ఫోన్ ఉన్న ఇంట్లో కూడా మన పిల్లలు ఎందుకు చదవలేకపోయారో ఆ మాట చెప్పదు.

2021 ఆగస్టులో జీన్ డ్రెజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 1,400 మంది పేద పిల్లల ఇళ్లకు వెళ్లి సర్వే చేయించారు. పల్లెల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్నవాళ్లు దళిత, ఆదివాసీ పిల్లల్లో 4 శాతం, మిగతా పిల్లల్లో 15 శాతం. స్మార్ట్‌ఫోన్ ఉన్న పల్లె ఇళ్లలో చూసినా క్రమంగా చదివేది 15 శాతమే. ఎందుకంటే ఆ ఒక్క ఫోన్ పనికి వెళ్లే పెద్దల జేబులో ఉంటుంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. రోడ్లు ఊడ్చే తల్లి తెల్లారకముందే వెళ్లిపోతుంది. అడ్డా మీద నిలబడే తండ్రికి పని దొరికితే రాత్రి అవుతుంది, దొరక్కపోతే పది గంటలకే ఇంటికొస్తాడు. రేపు ఎటు పోవాలో ఈ రాత్రి మేస్త్రీ ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. ఫోన్ ఇంట్లో పెట్టిపోతే కూలి పోతుంది, పట్టుకుపోతే క్లాసు పోతుంది. "పిల్లలకు ఇంట్లో ఒక టైంటేబుల్ పెట్టండి" అని సలహా ఇచ్చినవాళ్లకు అర్థం కానిది ఇదే. మన ఇళ్లలో టైంటేబుల్ రాసేది మేస్త్రీ, కాంట్రాక్టరు, ఆసామి.

ఇది 2020లో పుట్టిన గొడవ కాదు. దళితుల చదువు చరిత్రంతా సమయం కోసం జరిగిన కొట్లాటే.

1855లో పూణేలో జోతిబా ఫూలే, సావిత్రిబాయి రాత్రి బడి పెట్టారు. పగలంతా పొలాల్లో, కూలి పనుల్లో ఉండే పెద్దవాళ్ల కోసం. పనిచేసే మనిషి దగ్గరికి బడే నడిచి రావాలన్నది వాళ్ల ఆలోచన. అదే ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు, పిల్లలకు కనీసం పన్నెండేళ్ల వయసు దాకా ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలని అడిగాడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. రాత్రి బడి పెద్దలకు. పిల్లలకు మాత్రం పూర్తి బడి.

బొంబాయి పరేల్‌లో ఒంటిగది కాపురం. ఇంటిల్లిపాదీ, వంటా, సామానూ ఆ గదిలోనే. రామ్‌జీ సక్పాల్ కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తను రాత్రి రెండు గంటల దాకా మేలుకుని ఉండేవాడు. అప్పుడు భీమ్‌ను లేపి దీపం ముందు కూర్చోబెట్టి, పిల్లాడు లేచిన జాగాలో తను పడుకునేవాడు. బాబాసాహెబ్ తెలివి గురించి చాలా చెప్పుకుంటాం, ఆ తండ్రి పోగొట్టుకున్న నిద్ర గురించి చెప్పుకోం. ఆ చదువు విలువ తెలిసిన మనిషి కాబట్టే 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టిన కొద్ది నెలలకే, 1925 జనవరిలో, షోలాపూర్‌లో హాస్టల్ తెరిపించాడు. హాస్టల్ అంటే తిండీ, మంచమూ మాత్రమే కాదు. ఎవరూ లాక్కుపోలేని నాలుగు గంటలు కూడా.

ఇదే సమయాన్ని మన మీదికి ఎలా తిప్పారో చూడండి. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బడులను రోజుకు మూడు గంటలకు కుదించాడు. మిగతా పూట పిల్లలు ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలట. వినడానికి "కుటుంబానికి తగ్గ చదువు". అసలు సంగతి ఏమిటంటే పాకీపని చేసేవాడి కొడుక్కి పాకీపనే పాఠం. పెరియార్ దాన్ని కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించాడు. 1954లో కామరాజ్ వచ్చాక ఆ పథకం పోయింది.

పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది. 1986 జాతీయ విద్యావిధానం పనిచేసే పిల్లలకు "అనియత విద్య" అన్నది. పగలు పని, వీలైన వేళ కాసేపు అక్షరాలు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు దీన్ని ఒప్పుకోలేదు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, పూర్తిరోజు బడికే రావాలి అన్నారు. పని మాన్పించి, శిబిరాల్లో చదువు అందించి, మామూలు బడిలో కూర్చోబెట్టారు.

ఇప్పుడు 2020కి రండి. సెప్టెంబరు 1న తెలంగాణలో యాదగిరి, టి-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. అదే రోజుల్లో గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పని. ముందురోజు మొగ్గ విప్పాలి, తెల్లారి పూటే పుప్పొడి అద్దాలి. పువ్వు ఆగదు, టీవీ పాఠం కూడా ఆగదు. చిన్న వేళ్లను ఆసామి పిలిచాడు. బడి మాత్రం ఇంటి గుమ్మం దాకా కూడా రాలేదు. 2021 సెప్టెంబరులో బడులు తెరిచినప్పుడు కూడా హైకోర్టు స్టేతో గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు మూతబడే ఉన్నాయి. అనుమతి అక్టోబరులో గానీ రాలేదు. అంటే ఎవరికి ఇంట్లో చదువుకునే జాగా లేదో వాళ్లే అందరికంటే ఎక్కువకాలం ఇంట్లో ఉండిపోయారు.

కరోనా పోయింది కదా, ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? ఢిల్లీలో పొగ కమ్మితే "ఆన్‌లైన్". రేపు మన దగ్గర ఎండకో వానకో ఇదే మాట వస్తుంది. అప్పుడు "ఫోన్లు పంచండి" అని మాత్రమే అడిగితే మనం ఓడిపోతాం. హాస్టళ్లు చివర కాదు, మొదట తెరవాలని అడగాలి. పాఠం రాత్రి మళ్లీ వేయమని, రికార్డు ఉంచమని అడగాలి. వాడలోని అంబేడ్కర్ భవన్‌కు, కమ్యూనిటీ హాలుకు సాయంత్రం తాళం తీసి, లైటు, టీవీ, ఒక టీచరును పెట్టమని అడగాలి. విద్యార్థి సంఘాల మిత్రులు ఆ టీచరు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ వారమే తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

తర్వాతి భాగంలో సంక్షేమ హాస్టళ్ల చరిత్ర చూద్దాం.

జై భీమ్.